ఆపగలిగిన చెయ్యి

లీడ్స్‌లో నేను గుమ్మం కాపలా కాసే పత్రికాఫీసులో ఎడిటర్లకు ఒక మాటంటే మహా మోజు. ఎవడైనా మంత్రిని చీల్చి చెండాడుతూ సంపాదకీయం రాస్తే చాలు, మెట్లు దిగుతూ వాడి వీపు తట్టి, "శభాష్! ఒక్క గుద్దు కూడా వెనక్కి లాక్కోలేదు నువ్వు," అంటారు. కొంచెం మెత్తగా రాశాడనుకోండి, "ఏమయ్యా, గుద్దులు లాక్కున్నావేం? మంత్రిగారు మీ మావయ్యా?" అని ఆట పట్టిస్తారు. చేతికి సిరా తప్ప ఇంకేదీ అంటని మనుషులు వాళ్లు. గుద్దు వెనక్కి లాక్కోవడమంటే ఏమిటో, అలా లాక్కుంటే రాత్రికి మోచెయ్యి ఎంత లావున వాస్తుందో వాళ్లలో ఒక్కడికీ తెలియదు.

నాకు తెలుసు. మూడేళ్లు అదే నా ఉద్యోగం.

యుద్ధం ముగిసి అప్పటికి పదేళ్లు. నాకు ఇరవై ఏడు. ఎజ్రా డ్రేకాట్ బాక్సింగ్ గుడారంలో నేనే పెద్ద బొమ్మని. ఊరూరా జాతరలకు తిరిగే గుడారం. ముందు ఒక ఎత్తైన చెక్క వేదిక, దాని మీద డ్రెస్సింగ్ గౌన్లు వేసుకుని చేతులు కట్టుకుని నిలబడ్డ నలుగురం, మా ముందు ఇత్తడి గంట వాయిస్తూ ఎజ్రా.

"ఈ విల్ఫ్ గాస్కార్త్‌తో మూడు రౌండ్లు నిలబడ్డ మొగాడికి అయిదు పౌన్లు! ఈ ఊళ్లో మొగాళ్లున్నారా? లేక అందర్నీ గనుల్లోనే పాతిపెట్టారా?" అని అరిచి, ఒక గ్లవ్‌ను జనంలోకి విసిరేవాడు. పట్టుకున్నవాడు బరిలోకి రావాలి. గని కార్మికుడు వచ్చేవాడు, కసాయివాడు వచ్చేవాడు, సెలవు మీద ఇంటికొచ్చిన సైనికుడు వచ్చేవాడు. వాడి వెంట వాడి స్నేహితులు ముప్పై మంది టికెట్లు కొనుక్కుని లోపలికొచ్చేవాళ్లు.

వాణ్ని కొట్టడం నా పని కాదు. కొట్టకుండా ఉండటం నా పని. మొదటి రౌండ్లోనే పడగొడితే వాడి స్నేహితులకు మండుతుంది. మర్నాడు గ్లవ్ పట్టుకునేవాడుండడు. ఒకసారి ఇలాగే మా గుడారం తాళ్లు కోసేశారు. కాబట్టి వాడు మూడో రౌండు దాకా నిలబడాలి. వాడి పిల్ల ముందు వాడు మొనగాడిలా కనిపించాలి. చివరి అరనిమిషంలో ఎక్కడో ఒకచోట కాలు తడబడ్డట్టు కింద కూర్చోవాలి. రేపు మళ్లీ రావాలనిపించాలి.

"గుద్దు బయల్దేరేటప్పుడు నిజంగానే బయల్దేరాల్రా," అనేవాడు ఎజ్రా. "వెనక వరసలో కూచున్న ముసల్దానికి కూడా అయ్యో అనిపించాలి. చివర్లో ఆగాలి. తగలాలి గానీ దిగకూడదు."

నా గ్లవ్‌కు సుద్దపొడి పూసి, తను నల్ల చొక్కా వేసుకుని ఎదురుగా నిలబడేవాడు. చొక్కాకు సుద్ద అంటాలి, లోపలి మనిషికి తెలియకూడదు. ఆరు నెలలు పట్టింది నాకు. ఆ తర్వాత మూడేళ్లలో ఒక్కసారి కూడా పొరపాటు జరగలేదు.

ఇక జో బర్టిల్స్. ముప్పై ఎనిమిదేళ్లు. వాడూ మా మనిషే, కానీ వేదిక మీద నిలబడడు. టోపీ, మెడకు మఫ్లరు వేసుకుని జనంలో కలిసిపోతాడు. ఊరివాళ్లెవరూ ముందుకు రాని రోజున గ్లవ్ వాడు పట్టుకుంటాడు. ఒక ఊళ్లో నావికుడు, ఇంకో ఊళ్లో రొట్టెలు కాల్చేవాడు, మరో ఊళ్లో నన్ను చంపుతానని వచ్చిన మోసపోయిన అన్నగారు. మేమిద్దరం కొన్ని వందల సార్లు కొట్టుకుని ఉంటాం. ఒక్కసారి కూడా ఒకరి ముక్కు ఒకరం చిట్లించుకోలేదు. ఈ పనిలో నాకు తెలిసిన సగం ఎజ్రా నేర్పితే, మిగతా సగం జో నేర్పాడు.

ఆ ఏడాది చలికాలంలో జో ఎడమ కన్ను పోయింది. మంచు పట్టిన కిటికీలా ఉందిరా అన్నాడు. ఆ సంగతి నాకొక్కడికే చెప్పాడు. ఎజ్రాకు తెలిస్తే బరిలోకి దిగనివ్వడు. దిగకపోతే వాడికి వేరే బతుకు లేదు.

"నా ఎడం పక్కంతా నువ్వే చూసుకోరా అబ్బాయ్," అన్నాడు.

చూసుకున్నాను. అప్పట్నుంచి ప్రతి గుద్దూ వాడి కుడి వైపు నుంచే విసిరాను.

అక్టోబరులో మేం యార్క్‌షైర్‌లోని హాక్స్‌లీ అనే గని ఊళ్లో ఉండగా, మంగళవారం పొద్దున ఎజ్రాకు ఉత్తరం వచ్చింది. మాంచెస్టర్‌లో పెద్ద బాక్సింగ్ హాలున్న హార్బాటిల్ అనే ఆయన రాశాడు. మీ గాస్కార్త్ గురించి విన్నాను, శనివారం రెండు గంటల ఆటకు వస్తాను, నేను విన్నట్టు కొట్టగలవాడే అయితే లైసెన్స్ ఇప్పించి నా హాల్లో ఆడిస్తాను. అంతే ఉత్తరం.

లైసెన్స్! గుడారంలో కొట్టిన గుద్దులు ఏ పుస్తకంలోకీ ఎక్కవు. లైసెన్స్ ఉన్నవాడు బాక్సరు. లేనివాడు జాతర బొమ్మ. ఇరవై ఏడేళ్లవాడికి అలాంటి ఉత్తరం ఇంకోసారి రాదు.

ఎజ్రా ఉత్తరాన్ని మూడుసార్లు చదివి, భార్య నెల్‌కు వినిపించి, కళ్లు తుడుచుకున్నాడు.

"నువ్వెళ్లిపోతే నా గుడారం సగం ఖాళీ," అన్నాడు. "ఐనా సరే. వెళ్లు. డ్రేకాట్ గుడారం నుంచి వెళ్లినవాడు అని బోర్డు రాయించుకుంటాను. శనివారం ఒక్కరోజు నీకు స్వేచ్ఛ. లాక్కోవద్దు."

"ఎవణ్ని కొట్టను బాస్? ఊరివాణ్ని కొడితే చస్తాడు."

జో టీ కప్పు కింద పెట్టాడు. "నన్ను కొట్టు. గ్లవ్ నేను పట్టుకుంటా. రెండో రౌండ్లో, కుడి పక్క, గడ్డం మీద. వచ్చేది నాకు కనిపిస్తుంది, తట్టుకుంటాను. చక్కగా పడతాను. హార్బాటిల్ కుర్చీలోంచి లేచి నిలబడేట్టు పడతాను."

"నిజంగా కొడితే నొప్పెడుతుంది జో."

"పదిహేనేళ్లుగా ఊరికే పడుతున్నాన్రా. ఒక్కసారైనా కారణముండి పడనీ. నా గడ్డం ఆ ఒక్కరోజుకీ నీకు అద్దెకిచ్చాననుకో."

అందరం నవ్వాం. నెల్ నాకూ వాడికీ చెరో గిన్నెడు ఉడికిన బఠాణీలు వెనిగర్ చల్లి ఇచ్చింది.

శనివారం మధ్యాహ్నం ఎండ కాసింది. వేదిక మీద నుంచి చూస్తే టోపీలే టోపీలు. ముందు వరసలో ఒంటె రంగు కోటు, లావుపాటి చుట్ట. హార్బాటిల్. పక్కన ఆయన మేనేజరు లోమాక్స్, సన్నగా, టోపీ కనుబొమల మీదికి దించుకుని. జనం మధ్యలో, అనుకున్నచోటే, జో.

ఎజ్రా గ్లవ్ విసిరాడు. సరిగ్గా జో మీదికే వెళ్లింది. జో చేతులెత్తాడు. గ్లవ్ వాడి వేళ్లకు తగిలి, పక్కనున్న కుర్రాడి గుండెల మీద పడింది. వాడు దాన్ని పట్టుకుని పైకెత్తాడు. జనం హోరెత్తిపోయింది.

కన్ను మోసం చేసింది, పాపం, అనుకున్నాను. జో నా వైపు చూసి, ఏం చెయ్యను అన్నట్టు భుజాలెగరేశాడు.

కుర్రాడు బరిలోకి వచ్చాడు. ఇరవై రెండు, ఇరవై మూడుండొచ్చు. గనివాళ్ల టోపీ. బొగ్గుపొడి ఎంత కడిగినా వదలక, ఆడవాళ్లు కాటుక పెట్టుకున్నట్టు నల్లగా కనురెప్పలు. మా నాన్నకూ అలాగే ఉండేవి. పేరు టామ్ అన్నాడు.

గంట మోగింది. మా గుడారంలో రిఫరీ ఎజ్రానే, గంట ఎజ్రానే, రౌండ్ల మధ్య నా మూలలో బకెట్టు పట్టేదీ ఎజ్రానే. మమ్మల్నిద్దర్నీ కలుపుతూ, "కానియ్యి," అన్నాడు నాకు మాత్రమే వినబడేలా.

మొదటి నిమిషంలోనే కుర్రాడు నన్ను వాటేసుకున్నాడు. చెవి దగ్గర నోరు పెట్టాడు.

"అన్నా... కొంచెం చిన్నగా కొట్టన్నా. మా ఆవిడకి నెలలు నిండినయ్. నిన్నటేళ నుంచి నొప్పులు. పక్కటెముక ఇరిగిందంటే నేను గనిలోకి దిగలేను. దిగకపోతే ఇల్లు ఖాళీ చెయ్యమంటారు."

మా నాన్న పక్కటెముకలు విరిగిన శీతాకాలం నాకు ఎనిమిదేళ్లు. గని కంపెనీవాళ్లు ఇచ్చిన ఇంట్లోంచి సామాను మంచులోకి తెచ్చి పెట్టడం నేను చూశాను. అలాంటి మాట విన్నాక ఏం చెయ్యగలను?

రెండు రౌండ్లు ఆడనిద్దాం, మూడో రౌండ్లో ఎక్కడా విరక్కుండా చక్కగా కూర్చోబెడదాం, హార్బాటిల్‌కు తెలివుంటే చెయ్యి ఎలాంటిదో అర్థమవుతుంది అనుకున్నాను. జీవితంలో ఇలాంటి లెక్కలు వేసేవాళ్లందరూ నాలాంటివాళ్లే అయ్యుంటారు.

రౌండు ముగిశాక ఎజ్రా బకెట్టుతో పరుగున వచ్చాడు. "ఏం చేస్తున్నావురా? ఆయన చుట్ట ఆరిపోతోంది అక్కడ!"

"వాడి పెళ్లాం పురిటినొప్పుల్లో ఉందట బాస్."

ఎజ్రా కుర్రాడి వైపు చూశాడు. గట్టిగా ఊపిరి వదిలాడు. "దేవుడా," అన్నాడు. కొట్టమనీ అనలేదు, వద్దనీ అనలేదు. స్పాంజితో నా మొహం తుడిచి వెళ్లిపోయాడు.

రెండో రౌండ్లో కుర్రాడు ఒకసారి చేతులు బాగా కిందికి దించాడు. గడ్డం పళ్లెంలో పెట్టిచ్చినట్టు ఎదురుగా ఉంది. నా కుడి చెయ్యి బయల్దేరింది. చివర్లో లాక్కున్నాను. సుద్ద అంటించినంత మాత్రం తగిలింది. వెనక వరసలో ఎవడో, "ముద్దు పెట్టుకుంటున్నావా తల్లీ?" అని అరిచాడు. గుడారమంతా నవ్వింది. హార్బాటిల్ వాచీ చూసుకున్నాడు.

మూడో రౌండు. ఇద్దరికీ చెమటలు కారుతున్నాయి. కుర్రాడి కళ్ల కింద నల్లటి చారలు దిగాయి. కనురెప్పల మీది నలుపు కరిగి బుగ్గల మీదికి కారుతోంది.

బొగ్గు కరగదు. ఇరవై ఏళ్లు కన్నీళ్లతో కడిగినా మా నాన్న రెప్పల మీది బొగ్గు కరగలేదు.

అప్పుడు వాడి ఒళ్లు చూశాను. అంతసేపూ వాడి కళ్లే చూశాను, జాలిపడేవాడు చూసేది కళ్లే కదా. గనిలో పనిచేసేవాడి ఒంటి మీద ప్రతి గాయంలోనూ బొగ్గు చేరి నీలంగా మానుతుంది. మా నాన్న వీపు పటంలా ఉండేది, నీలం నదులతో. వీడి భుజాలు మీగడలా తెల్లగా ఉన్నాయి. ఒక్క నీలిమచ్చ లేదు. గని ఇంట్లో పుట్టినవాణ్ని, నేను చూసుకోవాల్సింది అదే.

అర్థమైంది. అర్థమైన క్షణంలోనే వాడి ఎడమ చెయ్యి వచ్చింది. పొట్టిగా, మొరటుదనం లేకుండా, జిమ్‌లో వెయ్యిసార్లు కొలిచి విసిరిన గుద్దు. వాడు లాక్కోలేదు.

కళ్లు తెరిచేసరికి ఎజ్రా లెక్క ఎనిమిది దగ్గరుంది, పదయ్యేలోగా లేవాలి. చాలా నెమ్మదిగా లెక్కపెడుతున్నాడు పాపం. తొమ్మిదికి, పదికి మధ్య ఒక ప్రార్థన చెయ్యొచ్చు. ఐనా లేవలేకపోయాను. తల తిప్పి చూస్తే ఒంటె రంగు కోటు లేచి నిలబడి చప్పట్లు కొడుతోంది, ఆ కుర్రాడి కోసం.

అరగంట తర్వాత, గుడారం వెనక, సామాను బళ్ల దగ్గర కూర్చుని తల మీద తడిగుడ్డ పెట్టుకున్నాను. అవతల రంగులరాట్నం ఆర్గను గోలగోలగా మోగుతోంది. జో తన బండిలోంచి దిగాడు. చేతిలో పెట్టె.

"ఎక్కడికి జో?"

వాడు ఉలిక్కిపడ్డాడు. నేను వాడి ఎడమ వైపున్నాను. అటు తిరిగితే గానీ కనపడను.

"మాంచెస్టర్," అన్నాడు. "లోమాక్స్ దగ్గర. వాళ్ల జిమ్‌లో బకెట్టూ తువ్వాలూ పట్టే పని. దానికి రెండు కళ్లక్కర్లేదు."

"లోమాక్స్ నీకెప్పుడు పరిచయం?"

జో పెట్టె కింద పెట్టాడు. అబద్ధం చెబుదామా అని ఒక్క క్షణం ఆలోచించినట్టున్నాడు. మానేశాడు.

"గురువారం వచ్చాడ్రా. ఆ కుర్రాడు డెనిస్ క్రైల్ అని, వాడి సొంత మనిషి. గెలిచిన దాంట్లో మూడోవంతు లోమాక్స్‌ది. హార్బాటిల్ నిన్ను తీసుకుంటే క్రైల్‌కి చోటుండదు. అందుకని నిన్ను చూడ్డానికొచ్చిన ముసలాడికి వాణ్ని చూపించాలి."

"గ్లవ్..."

"వదిలేశాను. కన్ను వల్ల కాదు."

ఆర్గను పాట మార్చింది. నాకు ఒక్కటే అడగాలనిపించింది.

"వాడి పెళ్లాం? నొప్పులు?"

"వాడికింకా పెళ్లే కాలా." జో నేల వైపు చూశాడు. "ఆ మాట నేనే నేర్పాను. ఇల్లు ఖాళీ చెయ్యమంటారన్నది కూడా. మీ నాన్న సంగతి చెప్పావు కదా నాకు, ఒకసారి."

నేను లేచి నిలబడ్డాను.

"అలా చూడకురా," అన్నాడు. "నీకింకా చేతులున్నయ్. ఇంకో ఉత్తరం వస్తది. నాకేం వస్తది? లోమాక్స్ అడిగాడు, వాడు నిజంగా కొడితే మావాడి గతేంటని. కొట్టడులే, నాకు తెలుసు అన్నాను. రెండు కన్నీటి బొట్లు చూపిస్తే విల్ఫ్ చెయ్యి దానంతటదే ఎనక్కెళ్తది అన్నాను. తప్పేమన్నా చెప్పానా? ఇప్పుడు కూడా నువ్వు..."

కొట్టాను.

ఎడమ వైపు నుంచి. వాడు చూడలేని వైపు నుంచి. నా కుడి చెయ్యి బయల్దేరింది. ఈసారి ఎక్కడా ఆగలేదు. జో బండి మీదికి పడ్డాడు. బండి ఇనుప మెట్టు అంచు వాడి కుడి కంటికి తగిలింది. అరవలేదు. చేతులతో గడ్డిలో తడుముకుంటూ, "విల్ఫ్? విల్ఫ్, ఎక్కడున్నావురా?" అన్నాడు. నేను వాడి ముందే నిలబడి ఉన్నాను.

నవంబరులో నా మీద కోర్టులో విచారణ జరిగింది. అప్పటికి లోమాక్స్ చేసింది హార్బాటిల్‌కు తెలిసిపోయింది. జాతరలో నలుగురికి తెలిసింది నాలుగు ఊళ్లకు తెలియకుండా ఉండదు. ఆయన లోమాక్స్‌ను గెంటేశాడు. నా లాయరు పార్కిన్‌కు ఒక చిన్న ఉత్తరం రాశాడు. ఆ రెండో రౌండ్లో కుర్రాడి గడ్డం ముందు ఆగిన చెయ్యి ఎలాంటిదో ఇప్పుడు అర్థమైంది, గాస్కార్త్ కోర్టులోంచి మచ్చ లేకుండా బయటికొస్తే నా దగ్గరికి పంపండి అని.

"మచ్చ లేకుండా అన్నది కష్టమేమీ కాదు," అన్నాడు పార్కిన్. బట్టతల, చురుకైన కళ్లు. "మన వాదన ఒక్కటే. ఘోరంగా మోసపోయిన మనిషి, తల తిరుగుతున్న మనిషి. ఒళ్లు తెలియని కోపంలో చెయ్యి జారింది. మెట్టు తగలడం ప్రమాదం. జ్యూరీలో ఏడుగురు పనివాళ్లున్నారు. అంతా నీ వైపే."

బర్టిల్స్‌కు కన్ను లేదని నాకు తెలుసా అన్నదొక్కటే అతని భయం. తెలిసి ఆ వైపు నుంచి కొట్టానంటే ఇక ఎవరూ ఏమీ చెయ్యలేరు. నేను పార్కిన్‌కు నిజం చెప్పాను. అతను నిట్టూర్చి, "అది బర్టిల్స్ నోట్లో ఉంది," అన్నాడు.

జోను ఒక నర్సు చెయ్యి పట్టుకుని బోనులోకి తీసుకొచ్చింది. నల్ల కళ్లద్దాలు. ఏ వైపు తిరిగి మాట్లాడాలో తెలియక గోడకు నమస్కారం పెట్టాడు.

"మీకు ఎడమ వైపు కనపడదని ముద్దాయికి తెలుసా?" అని అడిగాడు ప్రాసిక్యూటరు.

నేను తల వంచుకున్నాను.

"తెలీదండీ," అన్నాడు జో. "ఎవరికీ చెప్పలా. చెబితే పని పోద్దని భయం."

"ఒకే గుడారంలో ఉంటూ కూడానా?"

"దాచుకోవడం మా వృత్తండీ. నేను నావికుణ్ని కాదని కూడా ఎవరికీ తెలీదు." కోర్టులో చిన్నగా నవ్వులు. "తప్పు నాదేనండీ. వాడికి అన్యాయం చేశాను. నేనే వాడైతే ఇంకా గట్టిగా కొట్టేవాణ్ని."

రెండు కళ్లూ పోగొట్టుకున్నవాడు అన్న మాటలివి. పార్కిన్ నా వైపు తిరిగి కళ్లతోనే నవ్వాడు. అయిపోయింది, ఇంటికెళ్తున్నావు అన్నట్టు.

మిగిలింది నా మంచితనం గురించి ఒక సాక్షి. ఎజ్రా.

పెళ్లినాటి సూటు వేసుకుని, జుట్టుకు నూనె పట్టించి వచ్చాడు. వాంగ్మూలం కోసం వారం రోజులు నెల్ ముందు నిలబడి సాధన చేశాడట. పార్కిన్ అడిగిందల్లా ఒక్కటే: ముద్దాయి స్వభావం ఎలాంటిది?

"వాడా? ఈగను కూడా తోలడు సార్. వాడి చేతిలాంటి చెయ్యి ఇంగ్లండులో లేదు," అన్నాడు ఎజ్రా, జ్యూరీ వైపు తిరిగి, వేదిక మీద నిలబడ్డ గొంతుతో. "నేను నేర్పిన చెయ్యి. ఒకసారి స్కార్‌బరోలో పందెం కాశాం. మా ఆవిడ కళ్లద్దాలు పెట్టుకుని నిలబడింది. వీడు పూర్తి బలంతో విసిరాడు. అద్దం మీద గ్లవ్ ఆవిరి పట్టింది సార్! అద్దం కదల్లేదు. మా ఆవిడ రెప్ప కూడా వెయ్యలేదు!"

జ్యూరీలో ఒకాయన ఓహో అన్నాడు. పార్కిన్ ఇక చాలన్నట్టు కూర్చోబోయాడు. అప్పటికే ప్రాసిక్యూటరు లేచి నిలబడ్డాడు. చాలా మర్యాదగా, మెత్తగా అడిగాడు.

"చాలా గొప్ప విద్య, మిస్టర్ డ్రేకాట్. కానీ అది పందెం. కోపమొచ్చినప్పుడు మనిషి వేరు కదా?"

"మావాడు వేరు కాడు సార్."

"అంటే?"

"బ్రాడ్‌ఫర్డ్‌లో ఒక సోల్జరు వాడి మొహాన ఉమ్మేశాడు సార్. వాడి తల్లినీ తిట్టాడు. నేనే చంపేసేవాణ్ని. వీడి చెయ్యి లేచింది, సోల్జరు ముక్కు ముందు ఆగిపోయింది. కోపంతో వీడి మొహం జేవురించింది, చెయ్యి మాత్రం రాయిలా ఆగింది!"

"ఎంత దూరంలో?"

"వేలెడు కూడా లేదు."

పార్కిన్ చేతిలోని పెన్సిలు విరిగింది. ఆ చప్పుడు నాకు వినిపించింది. ఎజ్రాకు వినిపించలేదు.

"తల తిరుగుతున్నప్పుడు? దెబ్బ తిన్నాక?"

"దెబ్బలు తిన్నాకే కదా సార్ మా పని. రోజూ తింటాడు. రోజూ ఆపుతాడు."

"ఈ మూడేళ్లలో ఒక్కసారైనా, పొరపాటునైనా, చెయ్యి జారిందా?"

ఎజ్రాకు అది నా పరువు మీద దెబ్బలా తోచింది. ఛాతీ పొంగించాడు.

"ఒక్కసారి కూడా లేదు సార్. ప్రమాణం చేసి చెబుతున్నాను. నేను తయారుచేసినవాడు వాడు. ఆపాలనుకుంటే ఎక్కడైనా ఆపుతాడు."

కోర్టు నిశ్శబ్దమైపోయింది. ఎజ్రా ఆ నిశ్శబ్దాన్ని మెప్పు అనుకున్నాడు. గుడారంలో కూడా గొప్ప ఆట తర్వాత ఒక్క క్షణం అలాగే ఉంటుంది.

"కృతజ్ఞతలు," అన్నాడు ప్రాసిక్యూటరు. "నేను అడగాల్సింది ఇంకేమీ లేదు."

ఎజ్రా బోను దిగుతూ నాకు కన్ను కొట్టాడు.

అందులో ఒక్క అబద్ధం కూడా లేదు. అదే దాని బలం. నాలుగు వారాలుగా, ఆ గడ్డిలో, బండి పక్కన, నా చెయ్యి ఆగి ఉండేదా అని నన్ను నేను అడుగుతూనే ఉన్నాను. ఆగి ఉండేది. ఆపాలనుకోలేదు.

జ్యూరీకి నలభై నిమిషాలు పట్టింది. జడ్జి అద్దాలు తీసి తుడుచుకుంటూ చెప్పాడు. సామాన్యుడికి ఒళ్లు తెలియని కోపం అన్నది సాకు కావచ్చు. కానీ ఈ ముద్దాయి చెయ్యి ఇతని అనుమతి లేకుండా ఎక్కడికీ వెళ్లదని ఇతని సాక్షే ప్రమాణం చేసి చెప్పాడు. మూడేళ్లు.

మూడేళ్లు జైల్లో ఉండి ముప్పై నిండి వచ్చినవాడికి ఎవరూ లైసెన్స్ ఇవ్వరు. అది జడ్జి చెప్పనక్కర్లేదు.

కింద, గదిలో, జైలు బండి వచ్చేదాకా నన్ను ఉంచారు. పది నిమిషాలకు ఎజ్రాను లోపలికి రానిచ్చారు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. బెంచీ మీద నా పక్కన కూర్చున్నాడు.

"ఆ జడ్జికేం రోగంరా? అంత చెప్పినా..."

"ముందే అనుకుని వచ్చుంటాడు బాస్."

"మొహంలో తెలుస్తూనే ఉంది. ఎముకల్లేని మొహం." జేబురుమాలులో ముక్కు చీదాడు. "జ్యూరీ మాత్రం నోళ్లు తెరుచుకుని విన్నార్రా. చూశావా? ఆ కళ్లద్దాల సంగతికి ఒకాయన ముందుకు వంగాడు."

"చూశాను."

"పార్కిన్ నాతో మాట్లాడకుండానే వెళ్లిపోయాడు. ఓడిపోయానని సిగ్గుపడ్డాడేమో."  తర్వాత గొంతు తగ్గించి అడిగాడు. "విల్ఫ్, నిజం చెప్పరా. నేను బాగానే చెప్పానా? హల్ ఊళ్లో ఆ కసాయివాడి సంగతి మర్చిపోయాను. అది కూడా చెప్పుంటే? రాత్రంతా నెల్‌కి వినిపించాను, అక్కడ నిలబడేసరికి ఎగిరిపోయింది. అది చెప్పుంటే వదిలేసేవాళ్లంటావా?"

ఎజ్రా మొహం నా మొహానికి జానెడు దూరంలో ఉంది. అరవై ఏళ్ల మొహం. దాన్ని పడగొట్టడానికి నాకు ఒక్క వాక్యం చాలు. అది నాలుక చివరిదాకా వచ్చింది.

"లేదు బాస్," అన్నాను. "అంతకన్నా బాగా ఎవరూ చెప్పలేరు."

ఎజ్రా భుజాలు సర్దుకున్నాయి. నా మోకాలు మీద రెండుసార్లు తట్టాడు. సోమవారం డాన్‌కాస్టర్‌లో గుడారం వెయ్యాలి, ముప్పావుగంటలో రైలు ఉందని లేచాడు. వార్డరు తలుపు తీశాడు. ఎజ్రా గడప దగ్గర ఆగి వెనక్కి తిరిగాడు. మొహంలో ఏదో వెలుగు.

"ఆ హార్బాటిల్‌కి నేనే ఉత్తరం రాస్తాన్రా. కోర్టులో చెప్పినవన్నీ పూస గుచ్చినట్టు రాస్తాను. కసాయివాడి సంగతితో సహా. అప్పుడాయనకి తెలుస్తుంది నువ్వెలాంటివాడివో."

"రాయి బాస్," అన్నాను.